'ఎంటర్‌ప్రైజ్' : ఒక పూర్వకథయందలి ఔచిత్యభంగము

ఫలితము ముందుగనే తెలిసిన కథను వినుట తెలుగువారికి క్రొత్త కాదు. శ్రీరాముని పట్టాభిషేకానంతరము అగస్త్యుడు రావణుని పూర్వవృత్తాంతమును వినిపించుట ఉత్తరకాండమందు గలదు. తిక్కన సోమయాజియు, కంకంటి పాపరాజును ఉత్తరకథను తెలుగున కావ్యములుగా సంతరించిరి. రావణుడు చచ్చెనని శ్రోతలందరు నెరుగుదురు. ఐనను విసుగు పుట్టదు. బ్రహ్మను వరమడుగు వేళ మనుష్యులను తృణప్రాయముగా నెంచి, వారివలన చావు లేకుండునట్లు అతడు కోరకపోవుట అచ్చట తెలియవచ్చును. యుద్ధకాండమున పండిన పంటకు విత్తనము అందున్నది. పూర్వకథ చెప్పువానికి ఇంతకు మించిన పని లేదు. ఇంతకు తక్కువైనచో పూర్వకథయే అక్కరలేదు.

అమెరికా దేశమున 2001వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన ప్రారంభమైన 'ఎంటర్‌ప్రైజ్' అను టెలివిజన్ ధారావాహికను ఈ దృష్టితో పరిశీలింపవలసియున్నది. దీనికి మూలము జీన్ రోడెన్‌బెరీ సృష్టించిన 'స్టార్ ట్రెక్'. అది 1966 మొదలు 1969 వరకు 79 భాగములుగా ప్రసారమై ముగిసెను. 1987 నుండి 2001 వరకు 'ది నెక్స్ట్ జనరేషన్', 'డీప్ స్పేస్ నైన్', 'వాయేజర్' అను మూడు ధారావాహికలు దానిని ముందుకు నడిపినవి. రిక్ బర్మన్, బ్రానన్ బ్రాగా అను నిర్మాతలు ఇక ముందుకు పోక వెనుకకు తిరిగిరి. వారి కథాకాలము 2151, అనగా మొదటి ధారావాహిక కథాకాలమునకు సుమారు నూరేండ్లు పూర్వము. తొలిరాత్రి దానిని చూచినవారు ఒక కోటి ఇరువదియైదు లక్షలమంది. నాలుగేండ్లకు, 98 భాగములు నడచి, 2005 మే 13వ తేదీన ముగియునాటికి ఆ సంఖ్య 40 లక్షలకు లోబడెను.

చిరకాలముగా ఈ కథలను చూచుచున్నవారు వేచియున్నది రెండు ఘట్టములకొరకు. ఒకటి, భూలోకవాసులకును రొములనులకును జరిగిన యుద్ధము. 1966 నాటి 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' అను భాగమునందే ఆ యుద్ధము ప్రస్తావింపబడినది. అందు ఇరుపక్షములవారును ఒకరి ముఖమొకరు చూడక పోరాడిరట! రెండవది, అనేక గ్రహముల ప్రజలు 2161లో ఒక సమాఖ్యగా నేర్పడుట. ఈ రెండింటికిని కొన్నేండ్ల ముందు కథను ఆరంభించిన నిర్మాతలు, భవిష్యత్కాలమునుండి కొందరు వచ్చి చరిత్రను చెరుపజూచుచున్నారను వేరొక కథను ఎత్తుకొనిరి. పూర్వకథకై కూర్చుండినవాడు ఉత్తరకాలమునుండి పాత్రలను దింపుకొనుట వింతయే. పిమ్మట, 2003లో జిండీలను శత్రువులను కల్పించి, వారి దాడిలో భూమిపై 70 లక్షలమంది మడసిరని చూపిరి. అంతటి ఉత్పాతమును ముందు చూపిన కథలలో ఒక్కడును తలపకుండుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము లేదు.

పూర్వాపరవిరోధములను గూర్చి అభిమానులు చేసిన ఆక్షేపణలన్నియు ఒక్క తూకమునకు రావు. 1966లో రొములనుల అదృశ్యనౌక క్రొత్త వింతగా చూపబడగా, 2002 నాటి 'మైన్‌ఫీల్డ్'లో నూరేండ్ల ముందే వారి నౌకలు మాయమగుచు ప్రత్యక్షమగుచునుండుట నిజమైన దోషము. ఫెరెంగీలను, బోర్గులను నూరేండ్లకు పైబడిన ముందుకాలమునకు ఈడ్చి, ఎవరును వారి పేరు పలుకకుండ జాగ్రత్తపడుట దోషమును కప్పుకొను ఎత్తు మాత్రమే. క్లింగానుల నుదుట గట్లుండవలెనా లేదా అను వివాదము మాత్రము వేషధారణకు సంబంధించినది. దానికొరకు 2005లో రెండు భాగములు వెచ్చించుట అధికవ్యయము. పాత ధారావాహికల వాద్యసంగీతమునకు మారుగా ఒక పాటను ముందు పెట్టిరని కలిగిన అలజడిని గూర్చి ఇచ్చట విస్తరింప బనిలేదు.

వల్కనుల విషయమున అభిమానులే తొందరపడిరి. సత్యసంధులుగా పేరొందిన వారు 2001 నాటి 'ది ఆండోరియన్ ఇన్సిడెంట్'లో ఆశ్రమము క్రింద గూఢచారి యంత్రములను దాచిరని చూపగా పలువురు కోపించిరి. కాని వారు మొదటినుండియు అట్టి ఉత్తములే యైనచో చెప్పదగిన కథ యేమున్నది? తమ ఆచార్యుడైన సురాకు మూలరచనలు దొరకిన పిదప వల్కనుల నడవడి మారుట 2004లో మూడు భాగములుగా చూపబడినది. విత్తనమనగా అది.

ఐతే ఎక్కువ చింతింపదగిన లోపము విరోధము కాదు. చేతనున్న ధనమును గుర్తింపకపోవుట. ఉత్తరకాలపు కథలలో గ్రహాంతరవాసులతో నావికులు తడుముకొనక సంభాషింతురు. అనువాదయంత్రము కలదని చెప్పి రచయితలు ఆ చిక్కును దాటిరి. 2151లో ఆ యంత్రమింకను పక్వము కాలేదు. కావున హోషి సాటో అను భాషాపండితురాలు నౌకకు ఆవశ్యకమయ్యెను. బ్రెజిలు దేశమున పాఠము చెప్పుకొనుచున్న ఆమెకు నౌకాధిపతి ఆర్చర్ క్లింగాను భాషను వినిపించెను. ఆ ధ్వనుల ఆశయే ఆమెను నౌక యెక్కించెను. 'ఫైట్ ఆర్ ఫ్లైట్' అను రెండవ కథలో యంత్రము చాలనప్పుడు, భయపడుచునే, ఆక్సనారుల నౌకాధిపతితో వచ్చీరాని వారి భాషలో మాటాడి ఆమె అందరి ప్రాణములను నిలిపెను. హోసూరునను, బరంపురమునను, షోలాపురమునను తరతరములుగా కాపురమున్న తెలుగువారికి ఈ ఘట్టము వింతగా తోచదు. పొరుగుభాష నాలుకకు పట్టుటకు బజారులో ఎన్ని తప్పులు పలుకవలెనో, ఎన్ని నవ్వులను సహింపవలెనో వారెరుగుదురు.

ఈ శ్రమయే ధారావాహికకు వెన్నెముక కాదగియుండెను. ఒకరి మాట నొకరెరుగని జాతులు సమాఖ్యగా ఎట్లు కూడినవి యను ప్రశ్నకు మొదటి సమాధానము భాషయే గదా. 1991లో 'డార్మాక్' అను భాగమున, మాటలు తెలిసియు అర్థము తెలియని ఒక భాషను గూర్చి పూర్తి కథను ఇదే సంప్రదాయమువారు నడిపియుండిరి. ఇచ్చట మాత్రము యంత్రము త్వరలోనే చక్కబడెను. 2002 నాటి 'వాక్స్ సోలా' వంటి కొన్నింటిని విడిచినచో, పండితురాలు పీఠముపై కూర్చుండి పరనౌకలతో సంబంధము కలుపు ఉద్యోగినిగా మిగిలెను. ఆమె నేర్చినది యంత్రమునకు పోయెను. ప్రేక్షకుడు నేర్చుకొనదగినది లేకపోయెను.

2004లో మానీ కోటో కథాభారమును వహించిన పిదప పాత కథల విత్తనములు మొలకెత్తసాగినవి. వల్కనుల వృత్తాంతమును, పరగ్రహవాసులను ద్వేషించు భూవాసుల కథయైన 'టెర్రా ప్రైమ్'ను ఆ కాలమునకు చెందినవే. అప్పటికి ప్రేక్షకులు చెదరిపోయిరి. నాలుగవ సంవత్సరముతో ప్రసారసంస్థ ధారావాహికను నిలిపివేసెను.

కడపటి భాగమును బర్మన్, బ్రాగాలే స్వయముగా రచించిరి. అందు కథ తన కాలమున నడువదు. 'ది నెక్స్ట్ జనరేషన్' నావికుడైన రైకరు రెండువందల యేండ్ల తరువాత ఒక మాయామందిరమున పాతచరిత్రను బొమ్మలాటగా చూచుచుండును. ట్రిప్ టక్కరు మరణమును ఆ యాటలోని యొక ఘట్టముగనే గడచిపోయెను. సమాఖ్యకు నాందియైన సభలో ప్రసంగించుటకు ఆర్చర్ వేదికనెక్కును. నాలుగేండ్లుగా ప్రేక్షకులు ఎదురుచూచిన ప్రసంగమది. అతడు నోరు తెరువకముందే రైకరు ఆటను ముగింపుమని ఆజ్ఞాపించి వెడలిపోవును.