చేతివిద్యయు జ్ఞాపకభాషయు

తెలుగు సాహిత్యములో శ్రామికునకు చోటు లేదని ఈనాడు ఎవ్వరును అనజాలరు. 1950లో గ్రంథరూపము దాల్చిన ‘మహాప్రస్థానము’లో శ్రీశ్రీ నానావృత్తుల పరికరములను కావ్యవస్తువులుగా స్వీకరించిన నాటినుండి కొలిమియు, మగ్గమును, నాగలియు మన కవిత్వమునకు అంటరానివి కాకుండ పోయినవి. ఆ తరువాతి కథకులు కూలివాని ఆకలిని, అప్పును, అవమానమును వ్రాసినారు. అయినను ఒక లోపము మిగిలియే యున్నది. శ్రామికుని కష్టము వచ్చినంతగా అతని విద్య మన వచనములోనికి రాలేదు. అతడెంత అలసినాడో పాఠకునకు తెలియును. అతనికేమి తెలియునో తెలియదు. ముఖ్యముగా ఆ విద్య తండ్రి చేతినుండి కొడుకు చేతికి ఎట్లు దిగివచ్చినదో చెప్పవలసిన చోట మన స్మృతిరచనలు ఒకటి రెండు ఆర్ద్రవాక్యములతో తప్పించుకొనుచున్నవి. ఈ లోపమును పరీక్షించుటకు పాత లారీల మరమ్మతు మంచి నిదర్శనము. అందుకు ఢిల్లీ నగరము తగిన స్థలము.

ఢిల్లీలో ఈ వృత్తికి ప్రసిద్ధమైన తావులు కొన్ని కలవు. విడిభాగముల వర్తకమునకు కశ్మీరీ గేటు, విప్పిన వాహనముల పాత ఇనుమునకు మాయాపురి, లారీల రాకపోకలకును మరమ్మతులకును నగరపు వాయవ్యదిశనున్న సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్టు నగర్. ఆజాద్‌పూరు మండీకి మామిడిపండ్లు తెచ్చు ఆంధ్రదేశపు లారీకి ఈ పరిసరములలో గేరు పట్టు తప్పినచో, తెలుగు డ్రైవరును హిందీ మేస్త్రీయు మాటలాడుకొనుటకు దుభాషి అక్కరలేదు. క్లచ్చు, గేరు, బేరింగు, గ్రీజు అను మాటలు ఇరువురివి. తక్కినది చేతులు చెప్పును.

ఈ విద్య మన దేశమున స్థిరపడిన చరిత్ర దీర్ఘమైనది కాదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యము వదలుకొన్న ఫోర్డు, షెవ్రొలే, డాడ్జి లారీలు పౌరుల చేతికి వచ్చినవి. 1954లో టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సంస్థతో కలసి జంషెడ్‌పూరులో లారీల నిర్మాణము ప్రారంభించినారు. 1955లో మద్రాసు సమీపమున ఎన్నూరులోని అశోక్ మోటార్సు అశోక్ లేలండుగా మారినది. బెంజి పేరు లారీలమీద 1969 వరకే నడచినను జనుల నాలుకమీద అటుపైనను నిలిచినది. విజయవాడలోని బెంజి సర్కిలు నేటికిని ఆ పేరు మోయుచునే యున్నది. ఈ యంత్రములతోపాటు వాటిని విప్పి బిగించువారి తరము ఒకటి పుట్టినది. వారిలో అనేకులకు కళాశాల లేదు. విదేశభాషలోని పుస్తకమున్నను చదువగల చదువు లేదు. యంత్రమే గ్రంథము, ఉస్తాదే వ్యాఖ్యాత. ఉస్తాదు తరచుగా తండ్రియో, మేనమామయో, అన్నయో.

ఆ విద్యయొక్క స్వరూపమేమి? పాత డీజిల్ ఇంజను నల్లపొగ విడిచినచో చమురు సరిగా కాలుటలేదని, నీలిపొగ విడిచినచో రింగులు అరిగి కందెన నూనె కాలుచున్నదని, తెల్లపొగ విడిచినచో చమురు అంటుకొనకయే పోవుచున్నదనియో, నీరు లోనికి దిగుచున్నదనియో మేస్త్రీ ఊహించును. ఇంజను తడబడుచున్నప్పుడు ఇంజెక్టరు గొట్టముల బిగింపులను ఒక్కొక్కటిగా వదలుచేసి చూచును. ఏ గొట్టము వదలినను ధ్వని మారుచున్నది గదా. ఏది వదలినప్పుడు మారదో అదియే పనిచేయని సిలిండరు. స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవివద్ద నుంచుకొని లోపలి చప్పుడు వినును. వైద్యుడు నాడి చూచుటకును దీనికిని భేదము స్వల్పము. తెల్లలోహపు బేరింగును క్రాంకుకు సరిపెట్టునప్పుడు ఇరుసుమీద పలుచగా నీలిరంగు పూసి, బేరింగును అమర్చి త్రిప్పి, విప్పి చూచును. రంగు అంటిన చోటు ఎత్తైన చోటు, దానిని గీకును. మరల పూయును, మరల త్రిప్పును, మరల గీకును. రంగు అంతటను సమముగా అంటువరకు ఈ పని సాగును. ఎంత గీకవలెనో ఏ పుస్తకమును చెప్పజాలదు. మణికట్టు చెప్పును.

మణికట్టునకు ఎవరు చెప్పవలెను? ఇదియే సాహిత్యమునకు సంబంధించిన ప్రశ్న. ఇట్టి షెడ్లలో పిల్లవాడు అంకెలను పలకమీద కంటె ముందు పానాలమీద నేర్చుట కలదు. పదీ పదకొండు, పన్నెండు పదమూడు, పదునాలుగు పదునైదు: రెండు కొసలకు రెండు కొలతలుగల పానాలను తండ్రి లారీ క్రిందనుండి చేయి చాపి అడుగును, కొడుకు అందించును. తప్పు పానా అందించినచో మాట లేదు, చేయి మరల చాచబడును. కొంతకాలమునకు తండ్రి అడుగకముందే కొడుకు అందించును. పాఠము పూర్తియైనదని ఎవ్వరును ప్రకటింపరు. బోల్టు ఎంత బిగింపవలెనో, ఎక్కడ ఆపకున్న మరలు తెగునో తండ్రి చెప్పడు. కొడుకు చేతిమీద తన చేయి వైచి బిగించును. మైకేల్ పొలాన్యీ అను తత్త్వవేత్త 1966లో ప్రకటించిన గ్రంథమున మానవునకు తాను చెప్పగలిగిన దానికంటె ఎక్కువ తెలియునని సిద్ధాంతీకరించినాడు. లారీ క్రింద పరుండిన తండ్రికి ఆ సిద్ధాంతముతో పనిలేదు. అతని జీవితమే దానికి ఉదాహరణము.

కాని రచయితకు పని కలదు. చెప్పరాని విద్యను చెప్పుట అతని భారము. ఈ భారమును మన రచయితలు రెండు విధముల దించుకొనుచున్నారు. మొదటిది ప్రతీకమార్గము. తండ్రి చేతులకు అంటిన మడ్డి, గోళ్ళలోని నలుపు, చొక్కాకు పట్టిన డీజిలు వాసన: వీనిని వర్ణించి శ్రమకు నమస్కరింతురు. ఆ మడ్డి గేరుబాక్సుదో ఇంజనుదో చెప్పరు. రెండవది విలాపమార్గము. తండ్రి గతించినాడు, పనిముట్ల పెట్టె తుప్పుపట్టినది, కొడుకు నగరములో ఉద్యోగియై కన్నీరు పెట్టుకొన్నాడు. ఇందు పెట్టె ఉన్నది గాని పెట్టెలో ఏమున్నదో లేదు. ఈ రెండు మార్గములలోను తండ్రి గౌరవింపబడినట్లే కనబడును. నిజమునకు అతని తెలివి అతనినుండి తీసివేయబడినది. అతడు పూజ్యుడైనాడు, నిపుణుడు కాలేకపోయినాడు.

ఇందుకు భిన్నమైన మార్గము కలదనుటకు జార్జి స్టర్టు అను ఆంగ్ల రచయిత 1923లో ప్రకటించిన ‘ది వీల్‌రైట్స్ షాప్’ సాక్ష్యము. ఇంగ్లండులోని ఫార్నమ్ పట్టణమున అతని కుటుంబమునకు బండ్లు చేయు కర్మాగారముండెను. ఉపాధ్యాయుడుగా నుండిన స్టర్టు 1884లో తండ్రి మరణానంతరము దానిని చేపట్టినాడు. తండ్రివద్ద నేర్వవలసిన వయస్సు దాటిపోయినది. కావున తండ్రివద్ద పనిచేసిన ముసలి పనివారివద్ద నేర్చినాడు. అప్పటికిని పూర్తిగా రాలేదని దాచక ఒప్పుకొన్నాడు. ఆ గ్రంథబలము ఆ ఒప్పుదలలోనే యున్నది. ఏ కలప ఎప్పుడు కొట్టవలెను, ఎన్నేండ్లు ఆరవలెను, చక్రము పళ్ళెమువలె లోనికి వంగి ఏల ఉండవలెను అను విషయములను ఓపికతో వ్రాసినాడు. ఎచ్చటను తండ్రిని ఆకాశమున కెత్తలేదు. అయినను ఆ వివరములన్నిటి వెనుక ఒక తరముయొక్క బుద్ధి కనబడి పాఠకుని హృదయము బరువెక్కును. కరుణరసమునకు ఆలంబనము కన్నీరే కానక్కరలేదు; సరిగా చెప్పబడిన ఒక కొలత కూడ కావచ్చును.

మన దేశములో సుబోధ్ ఘోష్ బెంగాలీలో వ్రాసిన ‘అయాంత్రిక్’ కథను ఇక్కడ స్మరింపవలెను. బిమల్ అను డ్రైవరునకును జగద్దల్ అను అతని పాత మోటారుకును గల అనుబంధము అందలి వస్తువు. 1958లో ఋత్విక్ ఘటక్ దానిని చలనచిత్రముగా రూపొందించినాడు. చిత్రాంతమున బండి తుక్కుగా అమ్ముడుపోవును; విడిచిన హారనును ఒక పసివాడు మ్రోగించును, బిమల్ ముఖమున నవ్వు పొడసూపును. యంత్రమునకు ప్రాణమారోపించుట సులభమైన అలంకారమని కొందరు ఆక్షేపింపవచ్చును. కాని బిమల్ తన బండితో పలుకుట ఒట్టి అలంకారము కాదు. నీటికొరకు బండి దాహపడినదని అతడనుకొన్నప్పుడు రేడియేటరు నిజముగానే కాగియుండును. మేస్త్రీయొక్క పరిశీలనమే అక్కడ ప్రేమగా మారినది. పరిశీలనము లేని ప్రేమను వ్రాయు రచయితలకు ఈ తారతమ్యము గుణపాఠము కావలెను.

తరువాతి చిక్కు పదములది. బండి పదములకు తెలుగులో కొరత లేదు. ఇరుసు, చీల, కుండ, ఆకులు, కందెన: ఇవి రైతుబిడ్డలందరకు తెలిసిన మాటలు. ఇరుసునకు కందెన ఎంత అవసరమో సుమతీ శతకకారుడు లోకనీతికి ఉపమానముగా వాడుకొన్నాడు. వృత్తిపదము కావ్యములోనికి రాదగదను వాదమున కదియే సమాధానము. లారీ పదములు అట్లు కాదు. మరమ్మతు అరబ్బీనుండి, ఉస్తాదు పారసీకమునుండి, మేస్త్రీ పోర్చుగీసునుండి, లారీ, పిస్టను ఆంగ్లమునుండి వచ్చినవి. ఇన్ని దేశముల మాటలు ఒక షెడ్డులో కలసి పనిచేయుచుండగా, శుద్ధికాముడైన రచయిత పానాను తొలగించి అర్థముకాని సంస్కృత సమాసమును నిలుపుట న్యాయము కాదు. అట్లే ప్రతి పంక్తిలో పది యంత్రపదములు గ్రుచ్చి పాఠకుని బెదరించుటయు కళ కాదు. పని నడచుచున్నప్పుడు పలుకబడిన పదము తన అర్థమును తానే చెప్పుకొనును. చాచిన చేతిలో పానా పడినప్పుడు పానా యననేమో వివరింప పనిలేదు.

పదములను కూర్చుకొను బాధ్యతను ఢిల్లీ నగరమే ఒకప్పుడు గుర్తించినది. అంజుమన్ తరక్కీయె ఉర్దూ సంస్థ 1939 నుండి ప్రకటించిన ‘ఫర్హంగె ఇస్తిలాహాతె పేషావరాన్’ వృత్తిపదముల కోశము. సంకలనకర్త మౌల్వీ జఫరుర్రహ్మాన్ దెహ్లవీ. అప్పుడు ఆ సంస్థకు కార్యదర్శి, ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఉర్దూ ఆచార్యుడుగా నుండిన మౌల్వీ అబ్దుల్ హక్. తెలుగున భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ‘మాండలిక వృత్తి పదకోశము’ యొక్క వ్యవసాయ సంపుటమును 1962లో, చేనేత సంపుటమును 1971లో వెలువరించినది. పండితులు పొలమునకు, మగ్గమునకు నడచిపోయి ప్రజలనుండి మాటలడిగి వ్రాసికొన్న మహోద్యమమది. ఆ పద్ధతిలో లారీ షెడ్డునకును ఎవరైన పోవలెను. విజయవాడ ఆటోనగరులో కాగితము పట్టుకొని కూర్చున్న కథకునకు అలభ్యమైన సామగ్రి ఉండదు.

అయితే తండ్రి-కొడుకుల విద్యను కీర్తించుటలో ఒక ప్రమాదము కలదు. వంశపారంపర్యమైన విద్య కొందరకు వారసత్వము, కొందరకు సంకెల. తండ్రి పాఠమని మనము మురియునది కొన్ని ఇండ్ల బడి మానిన కథ. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించినప్పుడు పదునాలుగేండ్లు నిండని వారిని పనిలో పెట్టుట నిషేధించిరి. అయినను ప్రమాదకరము కాని కుటుంబవృత్తిలో బడివేళలు గడచిన పిదప సాయపడుటకు అవకాశము విడిచిరి. ఆ సందులో ఎంత నేర్పున్నదో, ఎంత అన్యాయమున్నదో విచారించుట కథకుని పని. కుమార్తె కథ మరియొకటి. సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్టు నగర్‌లో లారీ చక్రములు విప్పి బిగించిన ఒక స్త్రీని గురించి పత్రికలు వ్రాసినవి. ఆమెకు ఆ విద్య పుట్టింట అబ్బలేదు, వివాహానంతరము అబ్బినది. తండ్రులు కొడుకులకే పానా అందించిరను నిజమును స్మృతిరచన దాచరాదు. చేతివిద్యకు గల హద్దును కూడ దాచరాదు. 2010 ఏప్రిల్ నెలలో మాయాపురి పాత ఇనుప దుకాణములకు ఒక ప్రయోగశాలనుండి కోబాల్టు కిరణములు వెలువరించు పరికరము చేరినది. ఇనుమును తాకి, మ్రోగించి, తూచి చెప్పగల చేతులు ఆ కిరణమును కనుగొనలేకపోయినవి. ఒక పనివాడు మరణించినాడు. తరతరముల అనుభవము చెప్పలేని సంగతులు లోకమునకు వచ్చినవి.

ఈ విద్యకే ఇప్పుడు గడువు వచ్చినది. ఢిల్లీ గాలి విషమగుచున్నదని జాతీయ హరిత న్యాయస్థానము 2015లో పదేండ్లు దాటిన డీజిల్ వాహనములను వీధులనుండి తొలగింప నాజ్ఞాపించినది. సర్వోన్నత న్యాయస్థానము 2018 అక్టోబరులో ఆ నిషేధమును స్థిరపరచినది. 2025లో ఆ విషయము మరల ఆ న్యాయస్థానము ముందునకు వచ్చినది. క్రొత్త లారీలో చమురు కొలతను ఎలక్ట్రానిక్ యంత్రము నిర్ణయించును. దోషమును కంప్యూటరు తెరమీద చదువవలెను, స్క్రూడ్రైవరును చెవికి ఆనించి కాదు. పసిబిడ్డల ఊపిరితిత్తులకంటె పాత ఇంజను విలువైనదని వాదింప ఎవరికిని హక్కు లేదు. నల్లపొగ చూచి రోగము చెప్పిన తండ్రి ఆ పొగనే జీవితమంతయు పీల్చినాడు. లారీ పోవలసినదే కావచ్చును. దానిని వినిన చెవి ఎట్టిదో వ్రాసియుంచుకొనుట మాత్రము ఏ న్యాయస్థానమును నిషేధింపలేదు.

లారీకి చట్టము విధించిన గడువే దానినెరిగిన మేస్త్రీల ఆయుస్సుకును ఉన్నదని రచయితలు గ్రహింపవలెను. తండ్రిని గురించి వ్రాయబూనిన రచయిత మొదట తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలెను: ఆయన చేతిలో నుండినది ఏ నంబరు పానా? సమాధానము తెలియనిచో, స్టర్టు చేసినట్లు, తండ్రివద్ద పనిచేసి ఇంకను జీవించియున్న ముసలి మేస్త్రీని వెదకి అడుగవలెను. ఆయన మాటలాడక చేయి చాచినచో, ఆ చేతిలో ఏమి పెట్టవలెనో తెలిసికొన్న పిదపనే కలము పట్టవలెను.