ఒక్కటే మారాలి

చంటిపిల్లలకి బొమ్మ చేయాలనుకోగానే చాలామంది చేతికందినవన్నీ అందులో పోసేస్తారు. ఒకే సీసాలో మెరుపుల పొడి, రంగుపూసలు, నీలంనీళ్లు, మూతకో మువ్వ. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పిల్ల నాలుగుసార్లు ఊపుతుంది, ఆ తర్వాత సీసా మంచం కిందికి పోతుంది. ఇంట్లో మనవలకి, మా వీధి అంగన్‌వాడీ పిల్లలకి బొమ్మలు చేస్తూ నేను గట్టిగా నమ్మినది ఒకటుంది: మంచి బొమ్మలో ఒక్కటే మారాలి, మిగతావన్నీ ఒకేలా ఉండాలి. అప్పుడే పిల్ల కన్ను, చెవి, చెయ్యి ఆ ఒక్కదాని మీద నిలుస్తాయి. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో శాస్త్రవేత్తలు చేసేదీ ఇదే.

ఈ సూత్రం మరియా మాంటిస్సోరిది. 1907లో రోమ్ నగరంలో, శాన్ లోరెంజో అనే పేదల పేటలో ఆవిడ పిల్లల బడి తెరిచారు. ఆవిడ గులాబీరంగు గోపురంలో పది చెక్కదిమ్మెలుంటాయి. రంగు ఒకటే, ఆకారం ఒకటే. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా సైజు మాత్రం మారుతూ పోతుంది. శబ్దాల డబ్బాలూ అంతే. ఎర్రమూతలవి ఆరు, నీలంమూతలవి ఆరు. ఊపి, విని, జత కలపాలి. 1939లో మద్రాసు అడయారుకి వచ్చిన ఆవిడ యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి, వందలాది టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఇవాళ ఆ పేరు పెట్టుకున్న బడుల ఫీజులు చూసి, అవి మనవంటివాళ్ల బొమ్మలు కావనుకుంటాం. కానీ శబ్దాల డబ్బాలకి కావాల్సిందంతా మన వంటింట్లోనే ఉంది.

లోపలిది బయటికి కనపడని తెల్లటి మాత్రల డబ్బాలు, ఒకే సైజువి, ఆరు పోగేయండి. మూడేళ్ల పిల్లలకి మూడు జతలు చాలు. ఒక జతలో ఆవాలు, ఒకదానిలో కందులు, ఇంకోదానిలో చింతగింజలు. పావు డబ్బాకి మించి పోయకూడదు. నిండా పోస్తే గింజ కదలదు, చప్పుడు చచ్చిపోతుంది. ఉప్పు వద్దు, వానాకాలం చెమ్మగిల్లి గడ్డకడుతుంది. గింజల్ని ముందు బాగా ఎండబెట్టాలి, లేకపోతే పురుగు పట్టి పిండి మిగులుతుంది. అసలు కిటుకు బరువులో ఉంది. చెవితో పని లేకుండా చేత్తో తూచి జత పట్టేసే గడుగ్గాయిలుంటారు. అది వాళ్ల తెలివే, కాదనను. కానీ ఈ ఆట చెవిది. అందుకని ఆరింటినీ వంటింటి కాటా మీద పెట్టి, తేలిగ్గా ఉన్నవాటి అడుగున ఎంసీల్ ముద్ద అంటించి సమానం చేస్తాను. ఏటికొప్పాక లక్క గిలక్కాయతో పిల్లకి చప్పుడు పరిచయమవుతుంది. ఈ డబ్బాలతో ఒక చప్పుడుని ఇంకో చప్పుడుతో పోల్చడం మొదలవుతుంది.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైనవి మూడు సీసాలు. ఒకేలాంటి చిన్న నీళ్లసీసాలు మూడు తీసుకుని, ఒకదాన్ని నీళ్లతో, ఒకదాన్ని వేరుశనగ నూనెతో, మూడోదాన్ని ఆముదంతో అంచుదాకా నింపాలి. కొబ్బరినూనె మాత్రం పోయకండి, చలికి పేరుకుపోతుంది. ఒక్కోదానిలో పెసరగింజంత గాజుపూస వేసి, మూత బిగించి, జిగురుతో అతికేయాలి. మూడింటినీ ఒక్కసారి తలకిందులు చేస్తే నీళ్లలో పూస కన్ను మూసి తెరిచేలోగా అడుగుకి చేరిపోతుంది. నూనెలో కాస్త తాపీగా దిగుతుంది. ఆముదంలో అయితే, పిల్లలు మూతి సీసాకి ఆనించి చూస్తుండగా, మెల్లమెల్లగా వస్తూనే ఉంటుంది. ఆముదం చిక్కదనం నీళ్లకన్నా కొన్ని వందల రెట్లు ఎక్కువ.

“దీన్ని స్నిగ్ధత అంటారని చెప్పమంటారా బాబాయిగారూ?” అని అంగన్‌వాడీ టీచరు అడిగింది. వద్దమ్మా అన్నాను. నాలుగేళ్ల పిల్లకి ఆ మాటతో పని లేదు. ఆ రోజు అక్కడున్న పాప ఆముదం పూసకి “నిద్రొస్తోంది” అంది. చలికాలం ఒక పొద్దున్నే వెళ్తే అదే పాప సీసా పట్టుకొచ్చి, “తాతా, పొద్దున దీనికి ఇంకా నిద్ర తీరలేదు, మధ్యాహ్నం గబగబా దిగుద్ది” అంది. ఆముదం చలికి చిక్కబడుతుంది, వేడికి పలచబడుతుంది. పది డిగ్రీల తేడాకే చిక్కదనం దాదాపు సగానికి సగం మారుతుంది. ఎవరూ చెప్పకుండా, పొద్దుటి పూసని మధ్యాహ్నపు పూసతో పోల్చి ఆ పిల్ల పట్టుకుంది. టీచరు వెంటనే అలాంటిదే ఇంకో సీసా చేయించి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టించింది. పాప మాటకి అంతకన్నా మంచి జవాబు నాకు తోచదు.

రంగు ఒక్కటే మారే పసుపు కాగితం గురించి కూడా రెండు మాటలు. పసుపు నీళ్లలో కలిపి తెల్లకాగితానికి పూసి ఆరబెడితే, దాని మీద సబ్బునీళ్లతో వేలితో గీసిన గీత ఎర్రగా తేలుతుంది. నిమ్మరసం పూస్తే మళ్లీ పసుపు. హారతికి పసుపులో సున్నం వేసి ఎర్రనీళ్లు కలిపే ప్రతి ఇంట్లో ఈ రసాయనం జరుగుతూనే ఉంది. సున్నం మాత్రం పిల్లల దగ్గరికి రానీయకండి, కంట్లో పడితే ప్రమాదం.

అరవింద్ గుప్తా పేరు తలవకుండా ఈ విషయం ముగించలేను. ఐఐటీ కాన్పూరులో ఇంజినీరింగ్ చదివి, 1970ల్లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో చేరి, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో, అగ్గిపుల్లలతో జామెట్రీ నేర్పిన మనిషి. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి, వెతికి చదవండి.

జాగ్రత్తల దగ్గర మొహమాటం వద్దు. సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టేసేంత చిన్న వస్తువేదీ మూడేళ్లలోపు పిల్లల చేతికి విడిగా ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడుతుంది. అతికిన డబ్బానీ సీసానీ నడుమెత్తు నుంచి గచ్చు మీద పడేసి చూడాలి. మూత కదిలితే అది పనికిరాదు. ఆడుతున్నంతసేపూ పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు గోళీల్ని ఇంట్లోకే రానీయకండి. మింగితే కడుపులో ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి. 2023లో అమెరికాలోని పెద్ద దుకాణాలు వాటిని పిల్లల వస్తువులుగా అమ్మడం మానేశాయి. జారుడుగా, మెత్తగా తగలడమే కావాలంటే బాగా నానిన సబ్జా గింజలు పళ్లెంలో పోసి, పక్కనే కూర్చోండి.

మీ ఇంట్లో ఒకేలాంటి మాత్రల డబ్బాలు, చిన్న సీసాలు ఖాళీ అయితే పారేయకండి. కడిగి, ఆరబెట్టి, జతలు కుదిరాక మీ వీధి అంగన్‌వాడీ టీచరుకి ఇవ్వండి. వీలైతే ఒక పూట కూర్చుని గింజలు పోసి, మూతలు అతికి మరీ ఇవ్వండి.