‘ప్రీమియం’ విశేషణం: ధరార్థం, గుణార్థం

ఔటర్ రింగు రోడ్డు సమీపంలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల స్థిరాస్తి ప్రకటనలలో ‘ప్రీమియం’ అనే ఆంగ్ల విశేషణం తరచుగా కనిపిస్తుంది. ‘ప్రీమియం విల్లాలు’, ‘ప్రీమియం ప్లాట్లు’ అన్న ప్రయోగాలను ఒకే గాటన కట్టడం సరికాదు. విల్లా విషయంలో కట్టుబడికో, వాడిన కలపకో ఆ విశేషణాన్ని అన్వయించుకోవచ్చు. ఇంకా ఏమీ కట్టని నేలకు అది చెప్పే గుణమేది?

పదచరిత్ర ఇక్కడ ఉపకరిస్తుంది. లాటిన్ మూలపదానికి బహుమానమని అర్థం. ఆంగ్లంలో అది చిరకాలం నామవాచకమే. విశేషణ ప్రయోగం తరువాతిది. తెలుగువారికి కూడా బీమా సొమ్ముగా, అంటే నామవాచకంగానే ఎక్కువ పరిచయం. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 105వ సెక్షను, లీజుకు ప్రతిఫలంగా చెల్లించే ధరను ‘ప్రీమియం’ అని పేర్కొన్నది. అనగా స్థిరాస్తి పరిభాషలో ఈ మాట ధరను చెప్పినదే గాని గుణాన్ని చెప్పినది కాదు. ప్రకటనలో విశేషణమైనా ఆ ధరార్థాన్ని అది విడువలేదు. హెచ్చు ధరను హెచ్చు గుణంగా చదివించడమే అక్కడ దాని పని.

తెలుగు గుణవాచకాల నడక వేరు. ‘నాణ్యం’ నాణెంతో ముడిపడిన మాట, ‘మేలిమి’ బంగారానిది. వీటి వెనుక ధర లేకపోలేదు, కాని అది గీటురాయి మీద తేలిన తరువాతి ధర. నేల విషయంలో పరిభాష మరింత నిక్కచ్చి. రేగడి, చెల్క, దుబ్బ, చౌడు అన్నవి మట్టి స్వభావాన్నీ, తరి, ఖుష్కి అన్న రెవెన్యూ పదాలు నీటి వసతినీ తెలుపుతాయి. చౌడు అన్న మాట అమ్మేవానికి నష్టమే, అయినా వాడుకలో నిలిచింది. ఈ మాటలను కాదనదలచినవారు తవ్వి చూపవచ్చు. ‘ప్రీమియం’ను కాదనడానికి అలాంటి ఆధారమేదీ దొరకదు.

రూపం కూడా ఇదే సూచిస్తుంది. ‘నాణ్యమైన’, ‘మేలైన’ అన్నట్లు ‘ప్రీమియమైన’ అనడం వాడుక కాదు. ‘ఐన’ చేరకుండా విశేష్యం ముందు నేరుగా నిలిచే ఈ పదం ఆర్టీసీ బస్సుల ‘డీలక్స్’, ‘సూపర్ లగ్జరీ’ల వలె తరగతి పేరుకు సన్నిహితం. (బస్సులో ఆ పేరుకు తగిన టికెట్టు ధర ముందే తెలుస్తుంది, ఆ మేరకు అది నిజాయితీ గల ప్రయోగం.) అయితే ‘ఫోను ప్రీమియంగా ఉంది’ వంటి వాక్యాలలో ‘గా’ చేరిన రూపం వినవస్తున్నది. అక్కడ చూపుకూ చేతికీ తగిలే గుణం ఉన్నది కనుక ఆ ప్రత్యయం అతికింది. ‘ప్లాటు ప్రీమియంగా ఉంది’ అనడం మాత్రం సహజంగా తోచదు. నిఘంటువులో ఈ పదాన్ని చేర్చేవారు ఈ రెండు ప్రయోగాలను వేర్వేరు అర్థాల కింద చూపవలసి ఉంటుంది.