పన్నెండు కుర్చీల గది

అమెరికా పౌరసత్వం వచ్చిన రెండో ఏడు నాకు జ్యూరీ డ్యూటీ పిలుపొచ్చింది. ముందురోజు రాత్రి ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ మళ్ళీ చూశాను. హెన్రీ ఫోండాలాగా పదకొండుమందికి అడ్డం తిరిగే అవకాశం నాకూ రాకపోతుందా అని! తీరా వెళితే, మధ్యాహ్నం దాకా హాల్లో కూచోబెట్టి, నిందితుడు నేరం ఒప్పేసుకున్నాడు, ఇక విచారణ లేదు, ఇళ్ళకి వెళ్ళొచ్చు అన్నారు. అందరం పార్కింగ్ వైపు దాదాపు పరిగెత్తాం.

సిడ్నీ లుమెట్ 1957లో తీసిన ఈ సినిమాకి మూలం రెజినాల్డ్ రోజ్ 1954లో టీవీకి రాసిన నాటకం. హిందీలో బాసు ఛటర్జీ ‘ఏక్ రుకా హువా ఫైస్లా’గా తీశాడు కాబట్టి కథ మనకీ తెలిసిందే. తండ్రిని చంపాడని ఓ పద్దెనిమిదేళ్ళ కుర్రాడి మీద కేసు. నేరం రుజువైతే ఎలక్ట్రిక్ కుర్చీ. ఒకే ఒక్క జ్యూరర్ కాసేపు మాట్లాడుకుందాం అంటాడు.

లుమెట్ కెమెరా మొదట కంటి మట్టానికి పైనుంచి చూస్తుంది. పోనుపోను కిందకి దిగుతుంది. చివరికొచ్చేసరికి పైకప్పు మన నెత్తి మీదే ఉన్నట్టుంటుంది. ఇప్పటికీ ఆ ఉక్కపోత నాకు తగులుతుంది. గొప్ప సినిమా, సందేహం లేదు. నా పేచీ వేరే.

ఫోండా జేబులోంచి కత్తి తీసి బల్లమీద గుచ్చే ఘట్టం ఉందే, అక్కడ అందరూ చప్పట్లు కొడతారు. నిజానికి జ్యూరర్ సొంతంగా బయటికెళ్ళి సాక్ష్యం వెతకడం చట్టం ఒప్పదు. అది పోనివ్వండి. అలాంటి కత్తే ఆ కుర్రాడి పేటలో ఎవరికైనా దొరుకుతుందని కోర్టులో చూపించాల్సింది అతని లాయరు కదా? కోర్టు నియమించిన ఆ లాయరు సరిగ్గా వాదించలేదని సినిమా ఒకటి రెండు మాటల్లో చెప్పి దాటేస్తుంది. నాకు మాత్రం కథంతా అక్కడే ఉందనిపిస్తుంది. ఒక మంచివాడు జ్యూరీలో పడ్డాడు కాబట్టి సరిపోయింది.

అసలు జ్యూరీ దాకా వచ్చే కేసులెన్ని? ఫెడరల్ కోర్టుల్లో శిక్షలు పడ్డ కేసుల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం నేరం ఒప్పుకున్నవేనని 2012లో సుప్రీంకోర్టే రాసింది. మిగతాది బేరం. ఆ బేరం ఎలా ఉంటుందో చూడాలంటే కెంటకీకి చెందిన హేస్ కేసు చాలు. 88 డాలర్ల 30 సెంట్ల ఫోర్జరీ చెక్కు. ఒప్పుకుంటే అయిదేళ్ళు అడుగుతాం, విచారణ కావాలంటావా, పాత నేరాలు కూడా కలిపి యావజ్జీవం పడేలా కేసు పెడతాం అన్నాడు ప్రాసిక్యూటర్. హేస్ విచారణే కోరుకున్నాడు. యావజ్జీవం పడింది. ఇందులో రాజ్యాంగ విరుద్ధం ఏమీ లేదని 1978లో సుప్రీంకోర్టు 5–4తో తేల్చింది.

సినిమాలో కుర్రాడికీ ఎవరైనా ముందే, ‘ఒప్పేసుకో, ప్రాణం దక్కుతుంది’ అని ఉంటే? ఆ లాయరుతో, ఆ సాక్షులతో, అతను కాదనేవాడా? అప్పుడు ఫోండా కూడా మాలాగే మధ్యాహ్నానికి ఇంటికి పోయేవాడు.

ఆ కుర్రాడి ముఖాన్ని లుమెట్ మొదట్లో కొన్ని క్షణాలే చూపిస్తాడు. నేను వెళ్ళినరోజు నేరం ఒప్పుకున్న మనిషిని మేం ఆమాత్రమైనా చూడలేదు. ఏం నేరమో, ఎంత శిక్షకి ఒప్పుకున్నాడో ఎవరూ చెప్పలేదు. అడగాలని నాకూ తోచలేదు.