ఆడపిల్లల జాడ చెప్పే పుస్తకాలు

జూబ్లీహిల్స్‌లో ఏ చర్చికి వెళ్ళి బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు రాసిన పాత రిజిస్టరు పుస్తకం తీయమన్నా ముత్తాత పేరు దొరకదు. 1960లలో చల్లగళ్ళ నరసింహారెడ్డిగారి పూనికతో ఇళ్ళ స్థలాలుగా మారేదాకా అక్కడ ఉన్నవి బండలూ తుప్పలే. ఆ తర్వాత సినిమా మద్రాసు నుంచి కదిలి వచ్చింది, పక్కనే ఫిల్మ్‌నగర్ లేచింది. నటులు, రచయితలు, లైట్‌మెన్, మేకప్‌వాళ్ళు, డ్రైవర్లు ఎందరో కోస్తా జిల్లాల నుంచి వచ్చారు. కొందరు నేరుగా, కొందరు మద్రాసు కోడంబాకం మీదుగా. వాళ్ళలో క్రైస్తవ కుటుంబాలవాళ్ళు ఇప్పుడు పిల్లలకు తమ వంశం సంగతి చెప్పాలనుకుంటే ఒక విషయం ముందే గుర్తుపెట్టుకోవాలి. మనిషి ఎక్కడికైనా పోతాడు, రిజిస్టరు మాత్రం రాసిన ఊళ్ళోనే ఉంటుంది. బాప్తిస్మం ఒక ఊళ్ళో, పెళ్ళి మద్రాసులో, సమాధి హైదరాబాదులో అయితే మూడు చోట్లా వెతకాలి.

కాబట్టి మొదట పట్టుకోవలసింది ఊరు. పేట పేరుతో సహా తెలిస్తే మరీ మంచిది. ఊరు తెలిస్తే అక్కడ ఏ మిషన్ పనిచేసిందో సులువుగా తేలుతుంది. మచిలీపట్నానికి 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చారు. గుంటూరుకు 1842లో ఫాదర్ హయ్యర్‌తో లూథరన్లు వచ్చారు. నెల్లూరు, ఒంగోలు సీమ అమెరికన్ బాప్టిస్టులది, కాకినాడ 1874 నుంచి కెనడియన్ బాప్టిస్టులది, మెదక్ వెస్లియన్లది, కడప లండన్ మిషన్‌ది. వీళ్ళందరికంటే ముందు, పద్దెనిమిదో శతాబ్దంలోనే జెస్యూట్ గురువులు రాయలసీమ మీదుగా గుంటూరు సీమ దాకా వచ్చారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు ఆంగ్లికన్, వెస్లియన్, లండన్ మిషన్ సంఘాలు అందులో కలిసిపోయాయి. అందుకే నాటి వెస్లియన్ పుస్తకం కోసం నేడు సీఎస్ఐ గుడి తలుపు తట్టాలి. లూథరన్లు, బాప్టిస్టులు కలవలేదు, వాళ్ళ పుస్తకాలు వాళ్ళ సంఘాల దగ్గరే ఉంటాయి.

ఏ సంఘమో గుర్తులేని ఇంటికి పాత పేర్లే దారి చూపిస్తాయి. చిన్నప్ప, రాయప్ప, ఇన్నయ్య, శౌరయ్య, జోజప్ప అనే పేర్లు వినిపిస్తే అది కథోలిక కుటుంబం అనుకోవచ్చు. గుంటూరు ప్రాంతపు ఇన్నారెడ్డి, శౌరిరెడ్డి, చిన్నపరెడ్డి పేర్లు కూడా ఆ కోవలోవే. పేతురు, యోహాను, దేవదానం, సువార్తమ్మ అయితే ప్రొటెస్టెంటు వైపు చూడాలి. ఇక్కడొక చిక్కు ఉంది. కథోలిక గురువులు చాలాకాలం పుస్తకాన్ని లాటిన్‌లోనే రాశారు. ఇంట్లో చిన్నప్ప అని పిలిచిన మనిషి అందులో పౌలుస్ అయి ఉంటాడు. రాయప్ప పెత్రుస్, ఇన్నయ్య ఇగ్నాసియుస్. ఇది తెలియక పేజీలన్నీ తిరగేసి, మా తాత ఇందులో లేడని పుస్తకం మూసేసినవాళ్ళున్నారు. ఊళ్ళ పేర్లకూ ఇదే గతి. బెజ్వాడా, ఎల్లోర్, కొకనాడా, మసులిపటాం అని దొరల చెవికి ఎలా వినబడితే అలా రాశారు. పైకి చదివి చూస్తే పల్లె పేరు పలుకుతుంది. సినిమావాళ్ళ ఇళ్ళలో ఇంకో పొర కూడా ఉంటుంది. కనిగిరిలో తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన హాస్యనటుడు జానీ లీవర్ అసలు పేరు జానుమాల జాన్ ప్రకాశరావు. లీవర్ అన్నది ఆయన పనిచేసిన హిందుస్థాన్ లీవర్ కంపెనీ నుంచి వచ్చింది. అందుకే తెర మీది పేరును పక్కనపెట్టి ఇంటిపేరుతో, తండ్రి పేరుతో వెతకాలి.

బాప్టిస్టు పుస్తకం చదివే తీరు వేరు. వాళ్ళు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, బుద్ధి తెలిసి ఒప్పుకున్నవాళ్ళకే ఇస్తారు. కనుక అక్కడి తేదీని పుట్టినరోజు దగ్గరి తేదీగా తీసుకోకూడదు. ఒంగోలు సీమ కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. 1876–78 కరువును మనవాళ్ళు ధాత కరువు అంటారు. ఆ రోజుల్లో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈనాటి ప్రకాశం జిల్లా క్రైస్తవ కుటుంబాలు అనేకం తమ కథను ఆ జూలై నుంచే మొదలుపెడతాయి. తాత ధాత కరువులో పుట్టాడని ఇంట్లో చెప్పుకునే మాట, 1890ల సభ్యత్వ పుస్తకంలో వయసు ఇరవై అని రాసిన అంకె ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. అంకెను పూర్తిగా నమ్మనక్కర్లేదు. ఆ కాలపు వయసులన్నీ చూసి అంచనా కట్టినవే.

కథోలిక జ్ఞానస్నాన (బాప్తిస్మ) పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది పేజీ అంచున మిగిల్చిన జాగా. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి, గురువు సంతకం, ఇవన్నీ ఒక వరుసలో ఉంటాయి. ఆ బిడ్డ పెరిగి పెళ్ళి చేసుకుంటే, ఆ పెళ్ళి వేరే విచారణలో (పారిష్‌లో) జరిగినా, అక్కడి గురువు ఈ విచారణకు కబురు పంపాలి. ఇక్కడి గురువు పాత వరుస వెతికి, అంచున ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా వ్యక్తితో అని రాయాలి. ఇది ఇష్టముంటే చేసే పని కాదు, చర్చి చట్టమే కోరుతుంది. దీని ఫలితం చూడండి. మన ఊళ్ళలో ఏ వంశవృక్షం గీసినా ఆడపిల్ల పెళ్ళితో కొమ్మ తెగిపోతుంది. అత్తవారి ఊరు తెలిసినా మూడో తరానికి పేరు మాసిపోతుంది. ఆ అంచురాత మాత్రం తెగిన కొమ్మను మళ్ళీ పట్టి ఇస్తుంది. మేనత్త ఏ ఊరికి కోడలై వెళ్ళిందో చూసి, ఆ ఊరి పుస్తకం తెరిస్తే ఆమె పిల్లలు దొరుకుతారు. జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి పేర్లనూ వదలకూడదు. వాళ్ళు ఎక్కువగా పిన్ని, మేనమామ వరసవాళ్ళే అయి ఉంటారు, తల్లి పుట్టింటి జాడ అక్కడే చిక్కుతుంది.

పెళ్ళి రిజిస్టరు ఇంత ఉదారమైనది కాదు. 1872 నాటి ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ చట్టం నమూనాలో వధూవరుల వయసు, వృత్తి, నివాసం, తండ్రి పేరు అడుగుతారు, తల్లి పేరు అడగరు. అయినా సాక్షుల సంతకాలు చూడండి. సంతకం చేసింది ఎవరు, వేలిముద్ర వేసింది ఎవరు అన్నదాన్ని బట్టి ఇంట్లో చదువు ఏ తరంలో అడుగుపెట్టిందో తెలిసిపోతుంది.

ఐరోపాలో ఈ అలవాటు పాతది. ఇంగ్లాండులో 1538 నుంచి ప్రతి చర్చీ రిజిస్టరు పెట్టాలన్నారు. కథోలికులకు 1563లో ట్రెంట్ మహాసభ విధించింది. అక్కడ అది రాజ్యానికీ చర్చికీ పనికొచ్చే లెక్క. తెలుగునేల మీద అది ఇంకొకటి అయింది. మన గ్రామాల్లో వంశాలను గుర్తుపెట్టే వ్యవస్థలు లేకపోలేదు. భట్రాజులు, పిచ్చుకుంట్లవాళ్ళు దాతల కులాల వంశాలు చెప్పారు. మాదిగల గోత్రాలు డక్కలివాళ్ళు చెప్పారు. కరణం దగ్గర భూమి లెక్క ఉండేది. అయితే గోత్రం చెప్పే నోట ఒక కూలి తల్లి పేరు రాదు, భూమి లేనివాడు కరణం పుస్తకంలోకి ఎక్కడు. మాలపల్లెలో, మాదిగవాడలో పుట్టిన ఆడపిల్లకు పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ కలిపి సిరాతో రాసిన తొలి కాగితం చాలా ఇళ్ళకు ఈ రిజిస్టరే. దీనికి మించిన విలువ ఏముంటుంది? ఇలాంటి దళిత క్రైస్తవ కుటుంబం నుంచే వచ్చిన రచయిత్రి సుజాత గిడ్ల 2017లో తన కుటుంబ చరిత్రను ఇంగ్లీషులో రాస్తే ప్రపంచమంతా చదివింది. అలాంటి పుస్తకం రాయదగ్గ కుటుంబాలు మనకు వేలల్లో ఉన్నాయి.

ఒక సున్నితమైన సంగతి కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు, మన రాష్ట్రాల్లో వాళ్ళను బీసీ–సీలో ఉంచారు. అందువల్ల గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు పెట్టుకున్న ఇళ్ళున్నాయి. రిజిస్టరు చూపించమంటే కొందరు పెద్దలు వెనకాడేది అందుకే, ఆ భయాన్ని తప్పుపట్టలేం. వంశచరిత్ర వెతికేవాళ్ళు తమ కుటుంబపు వరుస వరకే రాసుకోవాలి. బతికున్నవాళ్ళ వివరాలు, పక్కింటివాళ్ళ వివరాలు ఎక్కడా పెట్టకూడదు.

ఊరి పుస్తకం చెడిపోయినంత మాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. ఆంగ్లికన్ గురువులు మద్రాసుకు పంపిన నకళ్ళు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం దొరలవి, ఆంగ్లో ఇండియన్లవి. చర్చ్ మిషనరీ సొసైటీ కాగితాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో, లండన్ మిషన్‌వి లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. దొరల ఉత్తరాలకు అక్కడ చల్లని గదులున్నాయి. మన తాతల పేర్లున్న పుస్తకాలు మాత్రం పాస్టరుగారి ఇంటి చెక్కబీరువాలో చెదలకు, వాన చెమ్మకు అప్పగించి ఉన్నాయి. ఇది నాకు బాధ కలిగించే విషయం. కొత్తగా అద్దె గదుల్లో, అపార్టుమెంటు కింది అంతస్తుల్లో పుట్టిన స్వతంత్ర సంఘాలు కొన్నయితే పుస్తకమే పెట్టడం లేదు, ఫోనులో ఫోటో ఉంటే చాలనుకుంటున్నాయి. ఫోను మారితే ఆ పేరూ పోతుంది.

ఈ క్రిస్మస్‌కు సొంతూరు వెళ్ళేవాళ్ళకు నా విన్నపం ఒకటే. విచారణ గురువునో పాస్టరుగారినో ముందే అడిగి, అనుమతి తీసుకుని వెళ్ళండి. పగటి వెలుతురులో, ఫ్లాష్ వేయకుండా, అట్ట దగ్గర నుంచి చివరి పేజీ దాకా వరుస తప్పకుండా ఫోటోలు తీయండి. మీ ఇంటి పేరున్న పేజీ ఒక్కటే తీసుకుని రావద్దు. ఒక నకలు ఆ గుడికే ఇవ్వండి, ఇంకొకటి డయాసిస్ కార్యాలయానికి చేర్చండి. పుస్తకాన్ని గుడ్డలో చుట్టి ఇనప్పెట్టెలో పెట్టడానికయ్యే ఖర్చు మీరే భరించండి.