ఊడివచ్చే అతుకు

మా అమ్మమ్మ లాంతరు చిమ్నీ ఈ మంగళవారం మళ్లీ పగిలింది. మూడు నెలల క్రితం ఒక పెంకు ఊడితే, రెండు ట్యూబులు కలిపి రాసే జిగురుతో నేనే అతికించాను. మొన్న గుడ్డతో తుడుస్తుంటే టప్పుమంది. అతికించిన చోట కాదు, దాని పక్కన. అతుకు రాయిలా నిలిచే ఉంది. దాన్ని అంటిపెట్టుకున్న అసలు గాజు పొరలా లేచిపోయింది.

పని చేస్తే వందేళ్లు కదలకూడదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. చెరువు తూము గురించి మొదలుపెట్టినా, మంచం కోళ్ల గురించి మొదలుపెట్టినా చివరికి అక్కడికే వచ్చేవాణ్ణి. ఈ వారం కూడా ఈ కాలపు నాసి గాజును తిట్టిపోసేవాణ్ణే. కానీ ఈ గాజు ఈ కాలానిది కాదు. జిగురు కూడా నాసిది కాదు.

పెంకులు ఏరుతుంటే హార్వర్డ్ మ్యూజియం గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం అమ్మాయి దగ్గరికి బోస్టన్ వెళ్లినప్పుడు అక్కడ గాజు సముద్రజీవుల్ని చూశాను. అద్దాల బీరువాలో ఒక జెల్లీఫిష్. గొడుగు అంచు నుంచి వెంట్రుకల్లాంటి గాజు పోగులు వేలాడుతున్నాయి. నా ఊపిరికి కదులుతాయేమోనని అద్దం ముందు కాసేపు ఊపిరి బిగబట్టాను.

వాటిని చేసింది బొహీమియా గాజు పనివారి కుటుంబంలో పుట్టిన లియోపోల్డ్ బ్లాష్కా, ఆయన కొడుకు రుడాల్ఫ్. భార్యనూ తండ్రినీ పోగొట్టుకున్న దుఃఖంలో లియోపోల్డ్ 1853లో అమెరికాకు ఓడెక్కాడు. అజోర్స్ దీవుల దగ్గర గాలి పడిపోయి ఓడ రెండు వారాలు నిలిచిపోయింది. ఆ రాత్రుల్లో నల్లటి నీటి మీద వెలుగుతూ మలుగుతూ తేలే జెల్లీఫిష్‌లను చూసి బొమ్మలు గీసుకున్నాడు. పదేళ్లకు, 1863లో, డ్రెస్డెన్ మ్యూజియం కోసం గాజుతో సముద్రపు అనిమోన్లు చేశాడు. అసలు జీవుల్ని సారాయిలో వేసి సీసాలో పెడితే రంగు వెలిసిపోయి ముద్దయిపోతాయి. అందుకే పాఠం చెప్పే మాస్టర్లకు ఈ గాజు జీవులు కావలసివచ్చాయి. ఒక్క కార్నెల్ విశ్వవిద్యాలయమే 1885లో 570 కొన్నది. తర్వాత వాటితో పాఠం చెప్పడం మానేశారు. దశాబ్దాల పాటు మూలపడి ఉండి, ఎన్నో ముక్కలయ్యాయి.

వాటిని బాగుచేయడం ఎంత కష్టమో తర్వాత చదివి తెలుసుకున్నాను. పేరుకు గాజే గానీ, అందులో రాగి తీగ ఉంది, రంగు ఉంది, కాగితం ఉంది, మైనం ఉంది, జంతు చర్మాలు కాచి తీసిన బంక ఉంది. గాలిలో తేమ పెరిగితే ఆ బంక ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోయి పెళుసెక్కుతుంది. అతుకులు వదులైపోయి కాళ్లూ మీసాలూ రాలతాయి. నీళ్లతో కడుగుదామంటే బంకా రంగూ కరిగిపోతాయి. దూది చుట్టిన సన్నని పుల్లను అతి కొద్దిగా తడిపి, ఒక్కోసారి సొంత ఉమ్మితోనే తడిపి, దొర్లిస్తూ దుమ్ము తీయాలి. ఇక ఇలాంటి పనిలో అతకడానికి ఎక్కువగా వాడే పారలాయిడ్ బి-72 అనే జిగురు, అసిటోన్ చుక్క తగిలితే కరిగి ఊడివస్తుంది. ఊడివస్తుందనే దాన్ని వాడతారు. గాజు కంటే జిగురు గట్టిదైతే, రేపు దెబ్బ తగిలినప్పుడు విరిగేది గాజే. జిగురు మెత్తనిదైతే అతుకు తెగుతుంది, గాజు మిగులుతుంది.

అది చదివిన రోజు నాకు నచ్చలేదు. ఊడిపోయేలా అతకడం కూడా ఒక పనేనా అనుకున్నాను.

కానీ మా ఇంట్లో ఆ పని జరిగేది. సాయంత్రం నాలుగయ్యేసరికి అమ్మమ్మ అరుగు మీద లాంతర్లు వరసగా పెట్టేది. పెద్దవాళ్ల చెయ్యి చిమ్నీలో దూరదు కాబట్టి ఆ పని నాది. ఆమె లోపలికి హా అని ఊదేది, గాజు మసకబారేది, నేను బూడిద అద్దిన పాతచీర పీలికతో మసి తుడిచేవాణ్ణి. బీట పడిన చిమ్నీని ఎప్పుడూ పారేయలేదు. మైదా ఉడికించి, బీట మీద పల్చటి కాగితం పట్టీ అంటించేది. వేడికి అది గోధుమరంగుకు తిరిగేది. పది పదిహేను రోజులకోసారి తడిగుడ్డ వేసి నానబెట్టి, గోటితో మెల్లగా లాగి, కొత్త పట్టీ వేసేది. ఒకసారి నేను జిగురు దట్టంగా పూస్తుంటే, "అంత గట్టిగా వద్దు నాన్నా, మళ్లీ తియ్యాలి కదా" అంది.

మళ్లీ తియ్యాలి కదా. ఆ మాట అరవై ఏళ్లకు అర్థమైంది. తన పని ఆఖరిది కాదని ఆమెకు తెలుసు. తర్వాత పట్టుకునే చేతికి కూడా చోటు ఉంచేది. రుడాల్ఫ్ 1939లో పోయాడు, ఆ పనిలో అతనికి వారసులు లేరు. కొత్తవి చేసేవాళ్లు లేనప్పుడు, ఉన్నవాటిని మన తర్వాత మనకంటే బాగా తెలిసినవాళ్లు విప్పి చూసుకునే వీలు ఉంచడమే మన వంతు.

మంచం కోళ్లు వందేళ్లు నిలిచాయని పొంగిపోతూ రాశాను. వాటికి అల్లిన నులక ఏటేటా వదులవుతుందని, విప్పి బిగిస్తూ ఉండబట్టే ఆ మంచం పనికొచ్చిందని రాయలేదు. ఈ ఆదివారం మైదా ఉడికిస్తాను.