ఎక్కడ కోశారు బాబూ?

ఈ వారం మేనకోడలు ఒక స్కాన్ పంపింది. ఇంగ్లండులో హెర్ఫర్డ్‌షైర్ జిల్లా, కిల్‌పెక్ అనే చిన్న పల్లె చర్చి దక్షిణ ద్వారం బొమ్మ. కట్టడం 1140 ప్రాంతానిది. గీసింది జార్జ్ రాబర్ట్ లూయిస్, 1842లో పుస్తకంగా వేశాడు. ఆర్కిటెక్చర్ చదివే పిల్ల, కింద ఏం రాసిందంటే: "ఫోటోలు బోలెడున్నాయి కదా మామయ్యా, ఈ గీతలతో పనేంటి?"

ఒళ్లు మండింది. గీత అబద్ధం చెప్పదన్నది నా పాత పాట.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా డ్రాయింగ్ చూసి మా మేస్త్రీ అడిగిన మొదటి మాట, "ఎక్కడ కోశారు బాబూ?" ప్లాన్ అంటే భవనాన్ని నడుమెత్తున గుమ్మడికాయలా అడ్డంగా కోసి, పైనుంచి చూడ్డమే. కత్తి తగిలిన గోడ నిండుగా నల్లగా ఉంటుంది. చుక్కల గీత కనిపిస్తే దాని మీద బొటనవేలు పెట్టి, "నెత్తిన కమానుంది" అనేవాడు. ఎలివేషన్‌ని, అంటే ఎదురుగా చూసి గీసిన బొమ్మని, మాత్రం నమ్మేవాడు కాదు. అందులో ఏడంగుళాల లోతూ ఏడడుగుల లోతూ ఒకటే.

కిల్‌పెక్ ద్వారం మెట్లు మెట్లుగా లోపలికి పోతుంది. ఎదురుగా గీస్తే ఆ మెట్లన్నీ ఒకదాన్ని ఒకటి ఒరుసుకున్న గీతలైపోతాయి. నడిమి అర్ధచంద్రంలో ద్రాక్షగుత్తుల చెట్టు. ఎడమ స్తంభం మీద తీగల్లో చిక్కిన ఇద్దరు సైనికులు, కాళ్లకి పొడుగు లాగూలు. కుడి స్తంభం తలమీద నోట్లోంచి ఆకులు కక్కుతున్న మొహం. అయినా ఎర్ర ఇసుకరాయిలో ఇవన్నీ విడదీసి చూపిస్తుంది గీతే.

ఇదంతా ఆ పిల్లకి రాసి పంపుదామని లూయిస్ మిగతా బొమ్మలూ తిప్పాను. చూరు కింద రాళ్లలో ఒకదాని మీద కాళ్లు ఎడంచేసి, దాచుకునేదాన్ని రెండు చేతులా విప్పి చూపే ఆడమనిషి ఉంది. అలంపురం మ్యూజియంలో లజ్జాగౌరిని చూసిన మనకి మరీ వింత కాదు. లూయిస్ దాన్ని రొమ్ము చీలిన మూర్ఖుడిగా గీశాడు, ఆ చీలిక గుండెకి దారి అని అర్థం కూడా చెప్పాడు. కొలతలు తీసుకునే చెయ్యే, చక్కటి గీతే!

తిట్టబోయి ఆగాను. పై పేరాలో ఆ బొమ్మని వర్ణించే వాక్యం నేనూ రెండుసార్లు కొట్టేసి, మెత్తబరిచి రాశాను మరి.

మేనకోడలికి జవాబు పెట్టాను: "ఫోటోలు కూడా పంపమ్మా."